ఇసుక మెరక మీద గినీ గడ్డి నాటొచ్చా? రావణాసురుడి మీసాలు పీకాలా, ఉంచాలా?

మెరకపొలం

ప్రశ్న సూటిగా అడుగుతానండి. అల్లవరం మండలంలో ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక మెరక 100 మీటర్ల మేర బోడిగా ఉంది. వేసవిలో మధ్యాహ్నం గాలి లేస్తే ఇసుకంతా వెనకున్న కొబ్బరితోటలో పడుతోంది. మెరక మీద గినీ గడ్డో పారా గడ్డో నాటితే ఇసుకా ఆగుతుంది, గేదెలకి మేతా వస్తుంది అని ఊళ్లో ఒక మాట నడుస్తోంది. వెనక పల్లంలో పారా గడ్డి ఇప్పటికే ఉంది కాబట్టి నాటడానికి కాడలకి ఖర్చు లేదు. మెరక మీద అక్కడక్కడా రావణాసురుడి మీసాలు అనే గడ్డి ఉంది గానీ ముళ్లు, పశువు మూతి పెట్టదు, పీకేద్దాం అంటున్నారు. చేయొచ్చా? చేస్తే ఎప్పుడు, ఎంతెంత దూరంలో నాటాలి?

తిన్నెలపాఠం

ముందు ఆ పీకుడు ఆపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ మెరక మీద ఇప్పుడు ఇసుకని పట్టుకుని ఉన్నది ఆ ముళ్ల గడ్డి ఒక్కటే.

పారా గడ్డి తడి గడ్డి. కాలవ గట్టు, మురుగు కోడు, నీరు నిలిచే పల్లం దాని చోటు. పొడి ఇసుకలో ఏప్రిల్ దాటదు. అసలు ప్రమాదం మెరక మీద కాదు, వెనక పల్లంలో. కాడ నీటి మీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేరేస్తుంది, తెగిన ముక్క ఎక్కడ ఆగితే అక్కడ మరో మొక్క. పల్లమంతా అల్లుకున్నాక అడుగు నీటికి గాలీ వెలుతురూ అందవు. కప్పలు, చేపపిల్లలు పోతాయి, వాననీరు కోడులోకి లాగదు. మెరక మీద నాటడానికి కాడలు కోసి మోసుకెళ్తే దారి పొడుగునా ముక్కలు రాలతాయి, అంతే ఒరిగేది.

గినీ గడ్డి కూడా మేత కోసం ఆఫ్రికా నుంచి వచ్చిందే. కొబ్బరి నీడలో కోసి వాడుకుంటున్నంత కాలం మంచి మేత, కాదనను. కోయడం మానిన చోట ఆరేడు అడుగులు లేచి, గింజ రాల్చి, వేసవిలో ఎండి నిలబడుతుంది. నిప్పు పడితే చుట్టుపక్కల మొక్కలు చస్తాయి, దాని దుబ్బు మాత్రం తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పైగా మెరక మీద అది ఇసుకని సరిగ్గా ఆపదు. దుబ్బులు విడివిడిగా ఉంటాయి కదా, ఆ సందుల్లో గాలి ఒరుసుకుపోయి ఇసుకని తవ్వేస్తుంది. దుబ్బు మీద ఇసుక మేట వేస్తే ఊపిరాడక చస్తుంది.

రావణాసురుడి మీసాలు అలా కాదు. కాడ ఇసుక మీద మీటర్ల కొద్దీ పాకుతుంది, కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. మీద ఇసుక పడేకొద్దీ కొత్త కణుపుల నుంచి పైకి లేస్తుంది. ఉప్పు తుంపర ఆకుని మాడ్చదు. ముళ్లు ఉన్నాయి కాబట్టే పశువు మేయదు, మేయదు కాబట్టే మెరక మిగిలింది.

ఉప్పుగాలి

తిన్నెలపాఠం గారి మాటకి ఒక చేర్పు. బయటి గడ్డి తెచ్చి ఇసుక ఆపుదామన్న ఆలోచన ఇంతకు ముందు చాలా పెద్ద ఎత్తున జరిగింది, ఫలితం అందరికీ తెలిసినదే.

ఐరోపా తీరాల్లో మారమ్ గడ్డి అని ఒకటుంది, శాస్త్రీయ నామం అమ్మోఫిలా అరెనేరియా. దాని సొంత తీరంలో దాంతో ఏ గొడవా లేదు. 19వ శతాబ్దంలో దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి తెచ్చి ఇసుక ఆపడానికి నాటారు. తర్వాత ఒరెగాన్ తీరంలో, ముఖ్యంగా 1930ల్లో ప్రభుత్వ పథకాల కిందే, బారులు బారులుగా వేశారు. ఇసుక ఆగింది. సమస్యంతా అక్కడే మొదలైంది, మరీ ఎక్కువ ఆగింది.

ఏడాదికి మీటరు మందం ఇసుక మీద పడినా ఆ గడ్డి పైకి లేస్తుంది. దాంతో ఒడ్డు పొడుగునా నిటారైన ఇసుక గట్టు లేచింది. వచ్చిన ఇసుకంతా ఆ గట్టులోనే ఆగిపోయి వెనకున్న తిన్నెలకి రావడం మానేసింది. గాలికి కదిలే తిన్నెల మీద మాత్రమే బతికే స్థానిక మొక్కలు పోయాయి, వెనకంతా పొదలు, చెట్లు కమ్ముకున్నాయి. ఖాళీ ఇసుకలో గుడ్లు పెట్టే స్నోయీ ప్లోవర్ అనే చిన్న పిట్టకి చోటు లేకుండా పోయింది, 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. కారణాల్లో ఈ గడ్డి ఒకటి.

ఇప్పుడు అదే గడ్డిని తీయడానికి తంటాలు పడుతున్నారు. చేత్తో తవ్వితే కణుపు ముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది, ఏడాదిలో పలుమార్లు, వరసగా ఏళ్ల పాటు తవ్వాలి. యంత్రంతో తిరగేసి లోతుగా పాతిపెట్టడం, మందు కొట్టడం కూడా చేస్తున్నారు. సముద్రంలో పడ్డ దుంపవేరు రోజుల తరబడి బతికి మరో ఒడ్డున మొలుస్తుంది.

న్యూజీలాండ్‌లోనూ ఇదే కథ. అక్కడ మారమ్ తీసేసి వాళ్ల సొంత స్పినిఫెక్స్ గడ్డిని నర్సరీల్లో పెంచి మరీ నాటుతున్నారు. మన రావణాసురుడి మీసాలు దానికి దగ్గరి చుట్టమే, శాస్త్రీయ నామం స్పినిఫెక్స్ లిట్టోరియస్. వాళ్లు డబ్బు పోసి నాటుకుంటున్న లాంటి గడ్డినే మనం పీకేద్దాం అంటున్నాం.

మెరకపొలం

బాగుందండి. కానీ ఆ మారమ్ గడ్డి మన దగ్గర లేదు కదా. గినీ, పారా మెరక మీద బతకవని మీరే అంటున్నారు. మరి మన తిన్నెలకి బయటి మొక్కలతో నిజంగా నష్టం ఉందా, ముందుజాగ్రత్త మాటేనా?

ఉప్పుగాలి

ఉంది. అక్కడ గడ్డి చేసిన పని ఇక్కడ రెండు చెట్లు చేస్తున్నాయి, సర్వి, సర్కారు తుమ్మ. రెండూ ఈ తీరానివి కావు. అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఒడ్డు వెంట నడిస్తే బోడి ఇసుక కన్నా సర్వి వరసలే ఎక్కువ కనిపిస్తాయి.

సర్వి వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇసుకలో కలుపుతుంది. తుమ్మ కూడా తన వేరు బుడిపెలతో అదే పని చేస్తుంది. పొలంలో అయితే మేలే. తిన్నె మొక్కలు పేద ఇసుకలో బతకడం నేర్చినవి, వాటికి ఎరువు అక్కర్లేదు. ఎరువు పడిన ఇసుకలో కలుపే ముందు లేస్తుంది. సర్వి నరికిన చోట రెండు వానలకి గినీ గడ్డి ఎందుకు ఎగబడుతుందంటే కారణం ఇదే, ఇసుక ముందే బలిసి ఉంటుంది. దానికి తోడు సర్వి రాల్చే సన్న పుల్లలు త్వరగా కుళ్లవు, జానెడు మందాన పేరుకుంటాయి. దాని కింద, ఒడ్డు ఇసుకలో పాకే బాలబంద తీగ కూడా మొలవదు.

సర్విబాదు

అందరూ సర్వి మీద పడ్డారేంటండీ. 1977 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు తుపాను చూసిన తీరం ఇది. గాలికి అడ్డం పెట్టండని ఊరూరా సర్వి వేయించారు. నాలుగైదేళ్లకి బాదులు వస్తాయి, పేపరు మిల్లులకి పోతుంది, కూలీకి పని. రావణాసురుడి మీసాలు ఏం కడతాయి, ఇంటికి వాసాలు వస్తాయా? పుస్తకాల్లో బాగుంటాయి ఇవన్నీ.

తిన్నెలపాఠం

సర్వి వద్దని ఎవరూ అనలేదండి. చోటు గురించే మాట. గాలి అడ్డు చెట్టు ఎత్తుకి పది, పదిహేను రెట్ల దూరం దాకా బాగా పని చేస్తుంది. 12 మీటర్ల చెట్టు అంటే దాని వెనక 120 నుంచి 180 మీటర్లు. కాపాడాల్సింది ఇళ్లనీ కొబ్బరితోటనీ అయితే వరస వాటికి దగ్గరగా, మెరక వెనక వాలులో ఉండాలి. అలల అంచున నాటితే గాలి మళ్లీ కిందికి దిగి ఊరిని తాకేసరికి దాని పుణ్యం అయిపోతుంది.

రెండోది ఉప్పెన. తుపాను రోజు అలలు ముందు తిన్నెని కోస్తాయి. కోసిన ఇసుక ఎక్కడికీ పోదు, ఒడ్డుకి కాస్త లోపల నీటి అడుగున గట్టులా పేరుకుని, పెద్ద అలల్ని దూరంలోనే విరగ్గొడుతుంది. వాతావరణం కుదుటపడ్డాక నెలల తరబడి మెల్లగా ఒడ్డుకి తిరిగొస్తుంది. అప్పుడు దాన్ని పట్టి మళ్లీ తిన్నె కట్టేది ఒడ్డున పాకే గడ్డి, తీగలు. సర్వి వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, ఇసుక కోత పడితే చెట్టు వేరుతో సహా పడిపోతుంది. పడిన దుంగ కింద అల సుళ్లు తిరిగి ఇంకా తవ్వుతుంది. ఉప్పాడ వైపు కోత ఎంత వేగంగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. గోదావరి ఒండ్రు ధవళేశ్వరం దగ్గరా, పైన జలాశయాల్లోనూ ఆగిపోతున్న రోజుల్లో, ఉన్న ఇసుకని ఇచ్చిపుచ్చుకునే తిన్నెని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

సర్విబాదు

వెనక వాలులో అంటే ఒప్పుకుంటాను. ముందున్న తోటలు మాత్రం ఒక్కసారిగా కొట్టేయమంటే కుదరదు.

తిన్నెలపాఠం

కొట్టకూడదు కూడా. ఒక్కసారి ఖాళీ చేస్తే గాలి గుంటలు పడి ఇసుకంతా ఊరి మీదికే వస్తుంది. కోతకి వచ్చినప్పుడు సముద్రం వైపు నాలుగు వరసలు తీసి, మళ్లీ నాటకుండా ఆ చోట గడ్డీ తీగా ఎక్కించాలి. అవి అల్లుకున్నాక తర్వాతి నాలుగు వరసలు. రాలిన పుల్లలు రేకి బయటికి తీయాలి, లేకపోతే నాటినది పట్టదు.

తాబేటిబాట

తాబేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ తీరంలో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి మధ్య ఎక్కువ, హోప్ ఐలాండ్, శాక్రమెంటో తిప్ప, వాసాలతిప్ప వైపు. తల్లి అలల గీత దాటి పైకి వచ్చి, వెనక కాళ్లతో ఒకటిన్నర అడుగు లోతు గుంట తీస్తుంది, వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఇసుక పైపొర వదులుగా, లోపల కాస్త చెమ్మగా ఉండాలి. సర్వి వేళ్లు తగిలితే తవ్వడం వదిలేసి వెనక్కి పోతుంది, లేదా ఇంకా కిందికి దిగి అల తగిలే చోట పెడుతుంది, అవి మునిగి పాడవుతాయి. పడిపోయిన దుంగలు, నిటారుగా కోసుకుపోయిన గట్టు కూడా దారికి అడ్డమే.

ఇంకొకటి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 55 రోజులు పడుతుంది, అన్ని రోజులూ చెట్టు నీడ పడితే లెక్క మారిపోతుంది.

కాబట్టి మెరకపొలం గారూ, మీరు ఏం నాటినా అలల గీతకి పైన కనీసం 10 మీటర్ల వెడల్పు ఖాళీ ఇసుక వదలండి. అది బీడు కాదు. ఒడ్డున ఉండే కొన్ని చిన్న పిట్టలు గుడ్లు పెట్టేదీ ఆ ఖాళీలోనే, గూడు కూడా కట్టవు, ఇసుకలో చిన్న పల్లం చేసి పెట్టేస్తాయి. ఆకుపచ్చగా కనిపించని చోటల్లా పాడైపోయిందని మొక్కలు నాటే ఉద్యమాలు వస్తే అవే ముందు పోతాయి.

చెలమనీళ్లు

నీళ్ల లెక్క కూడా చూడండి. మెరక కింద వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తులో ఉంటే, కింద 40 మీటర్ల దాకా మంచినీరు ఉండాలని సిద్ధాంతం. మట్టి పొరల తీరుని బట్టి అంత ఉండకపోవచ్చు గానీ నిష్పత్తి అర్థం అవుతుంది కదా. మట్టం అర అడుగు దిగితే అడుగున ఉప్పునీరు 20 అడుగులు పైకొస్తుందన్నమాట. ఒడ్డు ఊళ్లలో చెలమ తీస్తే రెండు మూడు అడుగుల్లో తియ్యటి నీళ్లు వచ్చేది దీని వల్లే.

లోతు వేళ్ల సర్కారు తుమ్మ ఏడాది పొడుగునా ఈ నీటినే లాగుతుంది. పాకే గడ్డి తాగేది చాలా తక్కువ. మెరక మీద ఏ చెట్టు ఎంత దట్టంగా ఉండాలన్నది బావి నీటి ప్రశ్న కూడా.

మెరకపొలం

సరే, గినీ గడ్డి ఆలోచన వదిలేశామండి. రావణాసురుడి మీసాలు నాటడం ఎలాగో వివరంగా చెప్పండి. విత్తనమా, కాడా?

తిన్నెలపాఠం

కాడే. విత్తనం మొలక శాతం తక్కువ, మొలిచినా ఇసుక కప్పేస్తుంది.

సమయం జూలై, ఆగస్టు. రెండు మూడు మంచి వానలు పడి, మోచేతి లోతున ఇసుక చెమ్మగా ఉన్నప్పుడు. అక్టోబరు, నవంబరు తుపాన్లకి ముందు వేరు పట్టడానికి రెండు నెలలు దొరకాలి. అక్టోబరులో నాటితే మొదటి వాయుగుండానికే కొట్టుకుపోతుంది. జనవరి తర్వాత అసలు ముట్టుకోకండి, తాబేళ్ల కాలం.

కాడ ముదురూ లేతా కాకుండా ఉండాలి, మూడు నాలుగు కణుపులు, జానెడున్నర పొడవు. దట్టంగా ఉన్న గుంపులో ఊరి వైపు అంచు నుంచే తీయండి, సముద్రం వైపు అంచు ముట్టకండి. అయిదు కాడల్లో ఒకటి మించి తీయకూడదు. కోసిన వెంటనే తడి గోనెలో చుట్టి అదే రోజు నాటాలి, ఎండలో గంట పడి ఉంటే కణుపు వేరు మొలకలు మాడతాయి. తోలు చేతి తొడుగులు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు, ఆకు మొన గోరు సందులో దిగితే చీము పడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఈ గడ్డిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఒకే గుంపు నుంచి అన్ని కాడలూ తెస్తే మొత్తం మగవో ఆడవో అవుతాయి, గింజ పట్టదు. కనీసం మూడు నాలుగు చోట్ల నుంచి తీయండి. గాలికి ఒడ్డున దొర్లే ముళ్ల బంతి ఆడ మొక్కది, దాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు.

మూడింట రెండు వంతులు ఇసుకలో, చివర కణుపు బయట. కాడని ఏటవాలుగా, చెమ్మ ఇసుక తగిలే దాకా దింపి కాలితో గట్టిగా తొక్కాలి. వదులుగా వదిలితే గాలికి ఊగి వేరు తెగిపోతుంది, చచ్చే కాడల్లో ఎక్కువ భాగం ఇలా పోయినవే. అర మీటరు ఎడం, పక్క వరసలో కాడ సందుకి ఎదురుగా వచ్చేలా నాలుగు వరసలు. మీ 100 మీటర్లకి వరసకి 200 చొప్పున 800 కాడలు, చచ్చిన చోట మళ్లీ పెట్టడానికి ఓ 100 అదనం. సందుల్లో బాలబంద తీగ ముక్కలు అక్కడక్కడా వేయండి, అది ముందే పాకి ఇసుకకి నీడ ఇస్తుంది. యూరియా వద్దు, పైన చెప్పిన కారణమే.

కాలవగట్టు

నాటిన చోట ఇసుక మరీ కదులుతుంటే ముందు తడక కట్టాలి. మీటరున్నర సర్వి బాదులు అర మీటరు పాతి, రెండు మీటర్లకొకటి, వాటికి కొబ్బరి మట్టలు నిలువునా కట్టండి. సగానికి సగం సందు ఉండాలి. తాటాకు దడిలా సందు లేకుండా కడితే గాలి పాదం దగ్గర సుడి తిరిగి బాదుల మొదట్లోనే గుంట తీస్తుంది, నెలలో దడి వాలిపోతుంది. సందుంటే గాలి నెమ్మదించి, మోసుకొచ్చిన ఇసుకని రెండు పక్కలా దింపుతుంది. పది, పదిహేను మీటర్లకి ఒక ఖాళీ వదలండి, తాబేళ్లకి అడ్డం కాకుండా డిసెంబరు చివరికి ఒడ్డు వైపు మట్టలు విప్పేయండి. ప్లాస్టిక్ వల వాడొద్దు, పురికొస చాలు.

పల్లంలో పారా గడ్డి సంగతి. పైపైన కోస్తే మేత వస్తుంది గానీ గడ్డి పోదు. నీరు నిలిచే ముందు, జూన్ మొదట్లో, నేల మట్టానికి కోసి కాడలన్నీ గట్టు మీదికి ఎత్తి ఎండబెట్టాలి. మొదళ్ల మీద రెండు మూడు వారాలు నీరు నిలిస్తే గాలి అందక కుళ్లుతాయి. కొసలు నీటి పైన మిగిలితే కష్టమంతా వృథా. కోసిన కాడ కోడులోకి జారకుండా చూసుకోండి, కింద ఊరికి పంచినట్టే.

సర్కారు తుమ్మ మొక్కగా ఉన్నప్పుడు వానాకాలం చేత్తో పీకేయొచ్చు. చెట్టయ్యాక నేల మట్టానికి నరికితే పది కొమ్మలై లేస్తుంది, మొగ్గలు మొదట్లో నేల కిందే ఉంటాయి. చుట్టూ తవ్వి, మట్టం కింద అడుగు దాకా వేరు మెడ కోయాలి. కాయలు తిన్న మేకలు, పశువులు పేడలో గింజలు వేస్తాయి, ఆ గింజలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి. కాయ రాలే కాలంలో మందని మెరక మీదికి తోలకుండా ఉంటే సగం పని అయినట్టే.

మెరకపొలం

గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే ఇంత తవ్వుడు తప్పుతుంది కదా అని ఇక్కడ కొందరు అడుగుతున్నారు. ఇంకోటి, మెరక చదును చేసి నాటితే వరసలు తిన్నగా వస్తాయంటున్నారు.

చెలమనీళ్లు

మందు వద్దండి. కేంద్రం 2022 అక్టోబరులోనే గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేత తప్ప కొట్టించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి అటుంచినా, దానికి గడ్డి రకాల తేడా తెలియదు, రావణాసురుడి మీసాల మీద తుంపర పడితే అవీ పోతాయి. పల్లంలో కొడితే నీళ్లలోకి పోతుంది, ఇసుక కింద చెలమ ఉంది.

ఉప్పుగాలి

చదును మాట ఎత్తొద్దు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం ఇసుక దిబ్బలు సీఆర్‌జెడ్-1ఏ, అంటే తీరంలో అత్యంత సున్నితమైన చోట్ల కిందికి వస్తాయి, చురుగ్గా కదిలే దిబ్బల్ని చదును చేయడం, మార్చడం నిషేధం. పొక్లెయిన్ దించారంటే కేసు అవుతుంది. చేతిపనే అయినా ముందు పంచాయతీ తీర్మానం చేసి అటవీ శాఖ సెక్షన్ అధికారికి కాగితం ఇవ్వండి, చాలాచోట్ల ఒడ్డు భూమి వాళ్ల లెక్కల్లోనే ఉంటుంది. ఇక తిన్నె ఎగుడుదిగుడుగా ఉండాల్సిందే, తిన్నగా వరసలు కావాలంటే వరిచేను ఉంది కదా.

మెరకపొలం

ఆయ్, అర్థమైందండి. చివరిగా ఒకటి. మెరక మీదుగా వేటకెళ్లేవాళ్లు నడిచే దారి ఉంది, దాన్ని ఏం చేయాలి? మూసేస్తే ఒప్పుకోరు.

కాలవగట్టు

మూయకండి, ఒకటే దారి ఉంచండి. తిన్నగా సముద్రానికి ఎదురుగా ఉంటే గాలి అదే దారిన సొరంగం తీస్తుంది, కాస్త ఏటవాలుగా మలపండి. వెడల్పు అయిదడుగులు చాలు, వల మోసుకుని ఇద్దరు పోయేంత. అడుగున కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి ఏటా మార్చండి. రెండు అంచుల్లో రావణాసురుడి మీసాలు కాకుండా బాలబంద తీగే వేయండి, చెప్పుల్లేని కాళ్లకి ముళ్లు గుచ్చుకుంటే మొదటి నెలలోనే పీకి పారేస్తారు.